తెరలు కట్టిన రేసు కారు

నేను ఒక రేసు కారుని. ఇటలీలో పుట్టాను. ఈ రెండు ముక్కలూ చెప్పడానికి నాకు తడబాటు లేదు. మూడో ముక్క దగ్గర్నుంచే గందరగోళం మొదలవుతుంది. నా ఒంటి మీద ఏది నాది, ఏది కాదు, నన్ను మెచ్చుకున్నవాళ్ళు దేన్ని చూసి మెచ్చుకున్నారు, తిట్టినవాళ్ళు దేన్ని చూసి తిట్టారు అని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఎటూ తేలలేదు. మనుషుల మధ్య బతికితే తెలివి పెరుగుతుందంటారు గాని, నాకు మాత్రం ఉన్న మతి కూడా పోయింది. అయితే ఒక్క సంగతి రూఢిగా తెలుసు. భీమవరం సోమరాజు గారికి గుండెనొప్పి వచ్చిన రోజున నన్ను ఆసుపత్రి దాకా నడిపింది ఎవరో నాకు తెలుసు. ఊరంతా ఒకరి పేరు చెప్పింది. అది తప్పు. ఆ తప్పును ఎవరైనా దిద్దుతారా అని నలభై ఏళ్ళు ఎదురుచూశాను.

మొదటినుంచీ చెబుతాను. మాది పెద్ద కుటుంబం. నా అక్కచెల్లెళ్ళందరూ రోడ్ల మీద షికార్లకి పుట్టినవాళ్ళు. వాళ్ళకి తోలు సీట్లు, మెత్తటి తివాచీలు, అద్దాలు దించుకోవడానికి మెరిసే పిడులు ఉండేవి. నన్నూ, నాలాంటి మరి కొద్దిమందినీ పందేల కోసమని వేరే షెడ్డులో తయారుచేశారు. తయారుచేశారంటే ఏమీ లేదు, ఉన్నవి తీసేశారు. తివాచీ తీసేశారు. బంపర్లు తీసేశారు. అద్దాల పిడులు తీసేసి తోలుపట్టీలు కట్టారు. అద్దాలే తీసేసి పల్చటి ప్లాస్టిక్ రేకులు పెట్టారు. నా ఒంటి రేకు ఎంత పల్చనంటే, పనివాడొకడు మరిచిపోయి మోచెయ్యి ఆనిస్తే సొట్ట పడింది. మేస్త్రీ వాణ్ణి నానా తిట్లూ తిట్టాడు. చివరికి సీటు బిగించే ఇనుప పట్టీలకి కూడా బరువు తగ్గాలని చిల్లులు పొడిచారు. ఒక్కొక్కటీ ఊడదీసినప్పుడల్లా అక్కడివాళ్ళు ఒకరి భుజం ఒకరు తట్టుకునేవారు. పుట్టబోయే బిడ్డకి ఇంకా ఏం తీసేద్దామా అని సంబరపడేవాళ్ళని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఏమీ లేకపోవడమే గొప్ప అని నాకు నేర్పారు. నమ్మాను.

కొండదారుల్లో పరిగెత్తాను. కొన్ని పందేలు గెలిచాను, ఒకసారి రాతిగోడని గుద్దాను. నాకంటే కొత్తవాళ్ళు రాగానే నన్నొక ఇంజనీరుకి ఇచ్చేశారు. ఆయన విశాఖపట్నంలో ఏదో కర్మాగారం కట్టడానికి వస్తూ నన్నూ ఓడెక్కించుకొచ్చాడు. మద్రాసు దగ్గర షోలవరంలో, పాత విమానాల మైదానం మీద జరిగే పందేలకి తీసుకెళ్ళేవాడు. ఆ ఎండలో నా లోపల కూర్చుంటే మనిషి ఉడికిపోయేవాడు. పని ముగిసి ఇంటికి వెళ్ళిపోయే రోజు వచ్చేసరికి నన్ను తిరిగి మోసుకెళ్ళే ఓపిక ఆయనకి లేకపోయింది. సరిగ్గా అప్పుడే నా మీద కన్నేసిన పెద్దమనిషి ఒకాయన దొరికాడు. ఆయనే సోమరాజు గారు.

సోమరాజు గారిది భీమవరం. రైసు మిల్లు, చెరువులు, కోడిపుంజులు ఆయన ఆస్తి. మనిషి ఆరడుగుల పొడుగు, దానికి తగ్గ లావు. నేను పందెంలో మలుపు తిరగడం చూసి, "ఇదండి బండంటే!" అని లేచి నిలబడ్డారట. ఇంటికి తీసుకెళ్ళేదాకా నా లోపలికి తొంగి అయినా చూడలేదు. మిల్లు ఆవరణలో లారీ మీంచి నన్ను దించగానే బంధువులందరూ చుట్టూ చేరారు. వాళ్ళ ఊళ్ళో మాటకి ముందొక 'అండి', వెనకొక 'అండి' ఉంటుంది. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు 'మీరు' అనుకుంటారు, కన్నకొడుకుని 'బాబు గారూ' అని పిలుస్తారు. అంత మర్యాదస్తులు కాబట్టి నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు ప్రయత్నించారు. చివరికి సోమరాజు గారి బావమరిది అచ్యుతరాజు గారు తలుపు తెరిచి, తోలుపట్టీ లాగి చూసి అన్నారు:

"బావగారూ, ఏవనుకోకండి. ఆ దొర మీకు సగం కారే ఇచ్చేడండి. మిగతా సగం ఎనకాల ఓడలో వస్తాదేమో కనుక్కోండి."

ఆవరణంతా గొల్లుమంది. సోమరాజు గారి మొహం మాడిపోయింది. పందెం కోడికి పిసరంత కొవ్వు పెరిగినా ఒప్పుకోని మనుషులు వాళ్ళు. కోడిని చేతిలోకి తీసుకుని బరువు చెప్పగలరు. అలాంటివాళ్ళకి నేనెందుకు ఇలా ఉన్నానో ఒక్కరికీ తట్టకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆ మర్నాటినుంచి నన్ను పూర్తి కారుని చెయ్యడం మొదలుపెట్టారు. మిల్లు వర్క్‌షాపులో ముందొక బంపరు, వెనకొక బంపరు చేయించి బిగించారు. ఇంట్లో పెళ్ళికి తెచ్చిన తివాచీ కత్తిరించి నేల మీద పరిచారు. లారీ హారను పెట్టారు. పైన సామాన్ల కేరియరు వేశారు. మిల్లు లారీలకి వేసే ఆకుపచ్చ రంగు నాకూ వేసి, వెనకవైపు 'శ్రీ మావుళ్ళమ్మ తల్లి ప్రసన్న' అని రాయించారు. ఇటలీలో ఏళ్ళ తరబడి తగ్గించిన బరువంతా నెల తిరక్కుండా నా నెత్తికెక్కింది. నాకు కోపం రాలేదు, తికమక వచ్చింది. ఎందుకంటే వాళ్ళు నన్ను ప్రేమగా చూశారు. ఒక్కొక్కటీ బిగించినప్పుడల్లా వీళ్ళూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

అన్నిటికంటే చివర వచ్చినవి తెరలు. సోమరాజు గారి భార్య పేరు బంగారయ్యమ్మ గారు. ఆ ఇళ్ళల్లో అప్పటికింకా ఘోషా పూర్తిగా పోలేదు. ఆడవాళ్ళు బయటికి వెళ్ళాలంటే కారు అద్దాలకి తెరలుండాలి. తెరల్లేని బండిలో ఆవిడ కాలు పెట్టరు. అందుకని నా పల్చటి ఒంటికి చిల్లులు పొడిచి, ఇత్తడి కడ్డీలు బిగించి, పక్కలా వెనకా ముదురు ఎరుపు మఖమల్ తెరలు కట్టారు. ప్రపంచం మొత్తం మీద నాలాంటి కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. ఘోషా తెరలున్నది మాత్రం నాకొక్కదానికే.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. నా స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, ఇటలీలో అంతే. ఈ దేశంలో కార్లు నడిపేవాడు కుడివైపు కూర్చుంటాడు. కాబట్టి సోమరాజు గారు నన్ను నడుపుతుంటే, మామూలుగా డ్రైవరు ఉండాల్సిన కుడివైపు సీట్లో బంగారయ్యమ్మ గారు కూర్చునేవారు. పక్కలా వెనకా తెరలు వేసి ఉండేవి, ముందు అద్దంలోంచి ఎవరికీ కనబడకుండా ఆవిడ కొంగు లాక్కుని తల దించుకునేవారు. ఇక ఆవిడ చూడటానికి మిగిలింది భర్త చేతులు, కాళ్ళు. ఏ కాలు ఎప్పుడు నొక్కుతున్నారు, గేరు కర్ర ఎటు తోస్తున్నారు, తోసేటప్పుడు ఎక్కడ నసుగుతున్నారు అని ప్రతి ప్రయాణంలోనూ చూస్తూ కూర్చునేవారు. ఆవిడ అలా చూస్తున్నట్టు నాకు తెలుసు, సోమరాజు గారికి తెలియదు.

ఆ రోజు నరసాపురం దగ్గర ఆవిడ పుట్టింట్లో పెళ్ళి చూసుకుని వాళ్ళిద్దరూ తిరిగివస్తున్నారు. మిట్టమధ్యాహ్నం. కోతలైపోయిన చేలల్లో పురుగు కూడా లేదు. కాలవగట్టు మీద వస్తుండగా సోమరాజు గారు ఉన్నట్టుండి నన్ను ఆపేసి ఛాతీ పట్టుకున్నారు. చొక్కా తడిసిపోయింది. నోట మాట రాలేదు.

బంగారయ్యమ్మ గారు తెర తీసి బయటికి చూశారు. మనిషి జాడ లేదు. ఒక్క క్షణం అలా చూసి, చీరకొంగు నడుముకి బిగించి, అటువైపు దిగి చుట్టూ తిరిగి వచ్చారు. అంత భారీ మనిషిని ఎడమ సీట్లోంచి కుడి సీట్లోకి నెట్టారో, లాగారో, బతిమాలి జరిపారో ఆవిడకే తెలియాలి. సీటు ఆవిడకి చాలా వెనక్కి ఉంది. పెళ్ళిలో పెట్టిన చీరల మూట వీపు వెనక దోపుకున్నారు. తాళం తిప్పారు. నేను గాండ్రించాను. ఆవిడ ఉలిక్కిపడి, నన్ను కూడా మర్యాద తప్పకుండా, "ఉండండి, ఉండండి" అన్నారు. ఎగిరిపడి ఆగిపోయాను. మళ్ళీ ఎగిరిపడి మళ్ళీ ఆగిపోయాను. ఆ తరవాత కదిలాను.

పందేల్లో నన్ను నడిపినవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళకి గెలవాలని ఉండేది. ఈవిడకి గెలవడం సంగతి తెలియదు, పక్కన మనిషి బతకాలి, అంతే. రెండో గేరులో భయంభయంగా కొంత దూరం వెళ్ళారు. భర్త మూలుగు వినబడింది. అప్పుడు మూడో గేరు వేశారు. కాలవ నీళ్ళు వెనక్కి పోయాయి, వంతెన వెనక్కి పోయింది, గేదెలు బెదిరి చేలల్లోకి దూకాయి. కేరియరూ, బంపర్లూ, తివాచీ అన్నీ మోస్తూనే నేను ఇటలీలో పరిగెత్తినట్టు పరిగెత్తాను.

కుడివైపు తెర గాలికి చెదిరిపోయింది. ఆ సందులోంచి, తల కిటికీకి ఆన్చి ఛాతీ పట్టుకున్న సోమరాజు గారు దారిలో అందరికీ కనబడ్డారు. కుడివైపు కూర్చున్నవాడే కారు నడుపుతాడని ఈ దేశంలో అందరి నమ్మకం. ఆసుపత్రి ముందు ఇసక గుట్టని గుద్దుకుని ఆగాను. జనం కుడివైపు తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చి రాజు గారిని ఎత్తుకున్నారు. "ఇంత నొప్పిలో కూడా రాజుగారే తోలుకొచ్చేరండోయ్!" అని ఎవరో అరిచారు. అటువైపు తెర వెనక తల మీద కొంగు లాక్కుని బంగారయ్యమ్మ గారు కూర్చునే ఉన్నారు, ఆవిడ చేతులు ఇంకా స్టీరింగు మీదే ఉన్నాయి. అయినా ఎవరూ చూడలేదు. ఘోషా స్త్రీ ఉన్న వైపు చూడటం మర్యాద కాదు. అక్కడ ఉన్నవాళ్ళందరూ మర్యాదస్తులే.

రాజు గారు బతికారు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి ఊరంతా ఆయన ధైర్యం చెప్పుకుంటోంది. ఒకప్పుడు సగం కారని ఎగతాళి చేసిన అచ్యుతరాజు గారే మంచం పక్కన కూర్చుని, "మీది గుండె కాదండి బావగారూ, ఇనపగుండండి" అన్నారట. నిజం చెప్పడానికే రాజు గారు నోరు తెరిచారట. ఆ మాట వినగానే చిన్న నవ్వు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వే కొంప ముంచింది. ఆ ఏడాది ఆయన ఒక చేత్తో నడిపారు. మరుసటి ఏడాది గేదె అడ్డొచ్చింది. ఇంకో రెండేళ్ళకి రైలు గేటు కూడా వచ్చి చేరింది. ఆ దారిలో రైలు గేటు లేదని అందరికీ తెలుసు, అయినా అందరూ ఊపిరి బిగపట్టి వినేవారు. రాజు గారు కథ చెబుతుంటే బంగారయ్యమ్మ గారు కాఫీలు అందించేవారు.

ఆయన చెడ్డవాడు కాదు. ఒక సాయంత్రం ఇద్దరూ షెడ్డులోకి వచ్చినప్పుడు నా బానెట్ మీద చెయ్యి వేసి, "మీరు సరేనంటే అందరికీ చెప్పేస్తానండి" అన్నారు.

"వద్దులెండి" అన్నారావిడ.

ఎందుకు వద్దన్నారో నాకు బోధపడలేదు. నోరుంటే నేనే అరిచి చెప్పేదాన్ని.

కొన్నేళ్ళకి సోమరాజు గారు పోయారు. మిల్లు మూతపడింది. నేను షెడ్డులో తవుడు దుమ్ములో కూరుకుపోయాను. ఆయన కొడుకు రంగరాజు తండ్రి కథ వింటూ పెరిగినవాడు. చుట్టాలొస్తే షెడ్డు తలుపు తీసి, "మా నాన్నగారు గుండెపోటుతో నడుపుకొచ్చిన బండి ఇదేనండి" అని చూపించేవాడు. అలా వచ్చిన ఒకరు నా ఫోటో తీసి ఎక్కడెక్కడికో పంపారు. ఆ ఫోటో ఇటలీ చేరింది. ఒకరోజు అక్కడి మ్యూజియం నుంచి బ్రూనో అనే నెరిసిన గడ్డం ఆసామి దిగాడు.

బ్రూనో నా కిందకి దూరి, పొట్ట మీద చెక్కిన నంబరు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బయటికొచ్చి కేరియరూ, హారనూ, మావుళ్ళమ్మ తల్లి పేరూ, తెరలూ చూసి మళ్ళీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మొదటి ఏడుపు సంతోషం, రెండోది బెంగ. "వీళ్ళు నిన్ను ఏం చేశారు తల్లీ" అని ఇటాలియన్‌లో గొణిగాడు. ఆ షెడ్డులో ఆ మాట అర్థమైంది నాకొక్కదానికే. నాలాంటి కార్లు చాలా అరుదని, నా విలువంతా నాలో లేనివాటిలోనే ఉందని, కాబట్టి తరవాత చేర్చినవన్నీ ఊడదీస్తేనే మ్యూజియంలో పెడతామని రంగరాజుకి ఇంగ్లీషులో చెప్పాడు. నన్ను చూసుకునేవాళ్ళు లేరు, షెడ్డు కూలిపోయేలా ఉంది. రంగరాజు ఒప్పుకున్నాడు. ఒక్కటే కోరాడు. నా పక్కన పెట్టే బోర్డు మీద తండ్రి కథ ఉండాలి. బ్రూనో సంతోషించి, ఆ రోజు కారులో ఆయన పక్కన ఉన్న మనిషి ఇంకా ఉన్నారా అని అడిగాడు.

బంగారయ్యమ్మ గారు వచ్చి షెడ్డు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. డెబ్బై దాటాయి. ఘోషా ఎప్పుడో పోయింది. తెల్ల జుట్టు, మోకాళ్ళ నొప్పి, కళ్ళజోడు. బ్రూనో చేతిలో చిన్న రికార్డరు ఉంది.

"అమ్మగారూ, ఆ రోజు నాన్నగారు ఎలా నడిపేరో ఒకసారి చెప్పండి. నేను ఇంగ్లీషులో ఈయనకి చెబుతాను" అన్నాడు రంగరాజు.

ఆవిడ నా వైపు చూశారు. నాకు ఇంజను ఆగిపోయి ఏళ్ళయింది గాని, ఆ క్షణంలో ఎక్కడో ఏదో తిరిగినట్టనిపించింది.

"ఆయన నడపలేదు బాబు గారూ. నేను నడిపేనండి."

రంగరాజు నవ్వాడు. "అదేంటండి అమ్మగారూ, మీకు సైకిలు కూడా రాదు కదండి."

"సైకిలు రాదు. ఇది వచ్చు." కుడిచెయ్యి గాల్లోకి ఎత్తారు. "ఈ కర్ర రెండోదాన్నుంచి ఇలా తీసుకొచ్చి, నడిమజ్జలో ఒక్కసారి ఆపాలి. ఆపి అప్పుడు తొయ్యాలి. తొందరపడితే కీచుమంటాది."

ఆ చెయ్యి కదిలిన తీరు చూసి బ్రూనో రికార్డరు దించేశాడు. రంగరాజు నవ్వు ఆగిపోయింది. ఈ దేశంలో ఎవరైనా గేరు ఎడమచేత్తోనే వేస్తారు. ఆవిడ కుడిచేత్తో వేశారు. అలా వెయ్యాల్సిన బండి ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే. నిజం అతనికి తెలిసిపోయింది, మొహంలో కనబడింది. బ్రూనో ఆత్రంగా, "ఆవిడ ఏమంటున్నారు?" అని అడిగాడు.

రంగరాజు అతని వైపు తిరిగాడు. మై ఫాదర్ వజ్ వెరీ బ్రేవ్, అన్నాడు. ఫాదర్ అలా నడిపాడు, ఫాదర్ ఇలా తిప్పాడు అని చెప్పుకుపోయాడు. రెండు భాషలూ తెలిసి నోరులేని నేను ఆ షెడ్డులో కుమిలిపోయాను.

"బాబు గారూ" అన్నారు బంగారయ్యమ్మ గారు. అతను ఆగాడు. "నాకు ఇంగ్లీషు రాదు గాని, ఫాదరంటే తెలుసునండి."

రంగరాజు తలొంచుకున్నాడు.

"మీ నాన్నగారిని చిన్నబుచ్చకూడదని నలభై ఏళ్ళు నోరు మూసుకున్నాను. నన్ను చిన్నబుచ్చకూడదని మీకు ఒక్క నిమిషం అనిపించలేదాండి?"

గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు, అడిగారంతే. రంగరాజు మీద నాకు అప్పుడు జాలేసింది. అతనికి ఉన్న ఒకే ఒక్క గొప్ప కథ అది. తల ఎత్తి, బ్రూనో వైపు తిరిగి, మెల్లగా, తడుముకుంటూ మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఈసారి ప్రతి వాక్యంలోనూ 'మదర్' అని వినబడింది. ఆవిడ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. అతను చెప్పడం అయ్యాక, "ఎండగా ఉంది, ఆయనకి మజ్జిగ ఇప్పించండి" అన్నారు.

తరవాత నా ఒంటి మీదవి ఊడదీశారు. తెరలు తీసేటప్పుడు ఆవిడ బాధపడతారనుకున్నాను. "అవే ముందు తీయించండి. ఎంత ఉక్కో మీకేం తెలుసు" అన్నారు. ఆ మాటతో నేను మళ్ళీ తికమకపడ్డాను. ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. పుట్టినప్పుడు ఎలా ఉన్నానో అలా ఉన్నానని అందరూ అంటున్నారు. పక్కన బోర్డు మీద బంగారయ్యమ్మ గారి పేరుంది. చూడవచ్చినవాళ్ళు నాలో లేనివాటిని చూసి ఆహా అంటారు. ఉన్నది నేనా, లేనిది నేనా, ఆకుపచ్చ రంగు పూసుకున్నది ఎవరు అని వాళ్ళు వెళ్ళిపోయాక ఆలోచిస్తూ ఉంటాను.

కానీ నన్ను లారీ ఎక్కించిన రోజున జరిగింది ఆ బోర్డు మీద లేదు. ఆ రోజు బ్రూనో మనుషులు తాళ్ళు బిగిస్తున్నారు. తల్లీ కొడుకూ నా పక్కన నిలబడ్డారు. రంగరాజు అడిగాడు:

"ఆ రోజు భయం వెయ్యలేదాండి, అమ్మగారూ?"

ఆ ప్రశ్న ఆవిణ్ణి అడిగిన మొదటి మనిషి అతనే.

"వేసింది బాబు గారూ. మీ నాన్నగారు ఉంటారో పోతారో తెలీదు." నా వైపు చూశారు. "కానండీ, మూడో గేరు పడి, కాలవగట్టు మీద ఇది అలా అందుకున్నాక నాకు బాగుందండి. చాలా బాగుంది. కట్టుకున్నాయన పక్కన అలా పడి ఉంటే నాకు బాగుండటం ఏవిటండి? అది ఎవరితో చెప్పుకోను? అందుకే ఊరుకున్నాను. ఆయన కోసం ఊరుకున్నానని మొన్న మీతో అన్నాను గాని, అది సగమేనండి."

రంగరాజు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. లారీ కదిలింది.

నాకూ బాగుందండి, బంగారయ్యమ్మ గారూ. ఆయన మూలుగుతూనే ఉన్నారు, అయినా నాకు చాలా బాగుంది. చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.